గిరిశిశువుల కళాభ్యాసము

2005వ సంవత్సరమున అమెరికాలోని డిస్నీ సంస్థవారు, బడి గడప యింకను త్రొక్కని పసివారికొఱకు ఒక కదలుబొమ్మల ధారావాహికను టెలివిజనులో ప్రసారము చేయ నారంభించిరి. దానిపేరు లిటిల్ ఐన్‌స్టైన్స్. నలుగురు చిన్నపిల్లలు, వారి మాట వినెడి యొక యెఱ్ఱని రాకెట్టు, ప్రతి కథయందును ప్రసిద్ధమైన శాస్త్రీయ సంగీతకృతి యొకటి, పేరుమోసిన చిత్తరు వొకటి, ఇంతియే దాని సామగ్రి. భౌతికశాస్త్రవేత్త పేరు సంగీతశిక్షణమునకు తగిలించుట మొదట వింతగా దోచును గాని, ఆ మహనీయునకు వయొలిన్ వాద్యముపై నెంత మక్కువయో యెఱిగినవారి కది యంత వింతగా నుండదు. నన్ను విశేషముగా నాకర్షించినది ఆ రాకెట్టు కదలు విధానము. దానికి నూనెతోను విద్యుత్తుతోను పనిలేదు. తెఱ కెదుట కూర్చున్న పసివాడు తన మోకాళ్ళపై నఱచేతులతో దరువు వేయవలెను. మెల్లగా మొదలైన దరువు వేగము హెచ్చినకొలది రాకెట్టు నేల విడిచి పైకి లేచును.

చేతికి పని లేనిదే ఆ వయస్సు పిల్లలకు చెవి తెఱచుకొనదని ఆ బొమ్మల నిర్మాతలు గ్రహించిరన్నమాట. అయితే ఈ గ్రహింపు వారితో పుట్టినది గాదు. మన విశాఖ మన్యమున, అరకు లోయ చుట్టునున్న కొండలలో, బడి యనునది యేమో యెఱుగని కాలమునుండియు పసివారి కళాభ్యాసము ఈ దారినే నడచినది. దానికి గురువు పేరు లేదు, పుస్తకము లేదు, పరీక్ష లేదు. అందుచేతనే కాబోలు, దాని నొక విద్యగా లెక్కించినవారును అరుదు.

విశాఖపట్టణమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున, తూర్పు కనుమల నడుమ నొదిగియున్న అరకు లోయ, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పాడేరు ముఖ్యపట్టణముగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. ఈ కొండల నాశ్రయించుకొని బగతలు, వాల్మీకులు, కొండదొరలు, నూకదొరలు, కోటియాలు, కోదులు, పోర్జలు, గదబలు మున్నగు పలుజాతులవారు వసించుచున్నారు. కోదుల కువిభాష ద్రావిడ కుటుంబమునకు చేరినది. కోటియాలు పలుకు ఆదివాసీ ఒడియా మఱియొక కుటుంబమునకు చెందినది. సంతలో కలిసికొన్నప్పుడు తెలుగో, ఈ ఒడియాయో వారి నడుమ వంతెన యగుచుండును. 1839వ సంవత్సరపు 24వ చట్టముచేత గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండభాగములు ఏజెంట్ల చేతిక్రింద నుంచబడినవి; నాటినుండియే మైదానమువారు వీనిని ఏజెన్సీ యని పిలుచుట కలవాటుపడిరి. ఆ పిలుపులో ఒక పరిపాలనా సౌకర్యము తప్ప ఆ సీమ స్వరూపము లేశమును గానరాదు. ఆ స్వరూపమును చూడగోరువారు చైత్రమాసమున, ఇటుకల పండుగనాళ్ళలో, తుడుము మ్రోగుచున్న దిక్కునకు నడచి పోవలెను.

తుడుము, కిరిడి, డప్పు, మోరి, జోడుకొమ్ములు: ఇవి థింసా నృత్యమునకు వాద్యములు. వీనిని వాయించువారు పురుషులు. పదునైదు మొదలు ఇరువదిమంది వఱకు స్త్రీలు, ఒకరి చేతులొకరు వీపుల వెనుకగా పెనవైచికొని వలయముగా నిలువగా, కాలి అందెలు ఏకస్వరముగా పలుకుచుండ అడుగులు కదలును. పెండ్లియందును పండుగయందును ఈ నృత్యము జరుగును. ఒక గ్రామమువారు వేఱొక గ్రామమునకు పోయి వారితో గలిసి యాడి, సహపంక్తిని భుజించి మఱలివచ్చు నాచారమును సంకిడి కెల్బార్ అందురు. ఇందులో ప్రేక్షకులని వేఱొక తెగ లేదు. ఆ యాట యందు ఆబాలవృద్ధము పాల్గొనవచ్చును. అలసినవారు విడివడుదురు, ఊరక నిలిచియున్నవారు చేరుదురు. గొలుసు మాత్రము తెగదు. పసిది యొకతె గొలుసు చివర చేరినదనుకొనుడు. ఆమెకు లయ యననేమో యెవ్వరును విప్పిచెప్పరు. ప్రక్కనున్న వదిన నడుము వంగినపుడు వీపువెనుక పెనవేసిన చేయి లాగగా తన నడుమును వంగును. అందఱి పాదములు నేలకు తగిలినపుడు తనపాదము మాత్రము గాలిలో నిలిచిపోయినచో, ఆ తప్పు చెవికంటె ముందుగా భుజమునకే తెలియును. తప్పు తెలియుటకును దిద్దుకొనుటకును నడుమ బెత్తపుదెబ్బకు గాని ఉపదేశమునకు గాని చోటు లేని యిట్టి పాఠశాల మైదానమున నెక్కడను నేను చూచి యుండలేదు.

థింసాలో ఎనిమిది విధములు చెప్పబడుచున్నవి. వీనిని వరుసగా పరికించినచో ఆ కొండల జీవనమంతయు దానిలో నిమిడి యుండుట కనబడును. బోడ థింసా గ్రామదేవత కర్పించునది. కుడివైపున పురుషులును ఎడమవైపున స్త్రీలును వరుసలు దీర్చి, నెమలియీకల కుచ్చు చేతబట్టిన మొదటి పురుషుడు దారి చూపగా, అందఱును పామువలె మెలికలు తిరుగుచు సాగిపోయి మరల వరుసకు వత్తురు. గుండేరి థింసాలో పురుషుడు పాట పాడి స్త్రీలను ఆటకు పిలుచును. గొడ్డి బేటలో నర్తకులు ముందునకు వంగి లేచుచు, ఇంచుమించు 25 అడుగులు సాగి, అట్లే వెనుకకు వచ్చుచు నాలుగైదు మారులు దాని నావర్తించెదరు. పోతర్ తోల యనగా ఆకులు కోయుట. సగముమంది ముందువరుసను, తక్కినవారు వారి భుజములపై చేతులుంచి వెనుకవరుసను నిలిచి, తల నిటునటు త్రిప్పుచు ముందునకును వెనుకకును నడతురు. అడవిలో ఆకుల మోపు గట్టిన బాలికకు ఈ యాట అర్థమగుటకు వ్యాఖ్యాత యక్కఱలేదు. కుండ థింసాలో ఒకరి నొకరు భుజములతో నెట్టుకొందురు, చూచువారికి పోట్లాటవలె నుండును గాని లయ తప్పదు. నాటికారి యొక్కరే యాడునది, వాల్మీకులు దీపావళినాడు దాని నాడుదురు. ఊరిదేవత యావహించిన మాంత్రికుడు స్పృహ గోల్పోయి యాడుచుండగా, ఊరివారందఱును తలలు వంచి చేతులు ముడిచి యాతని ననుకరించుట బాయ థింసా. ఆతనికి తెలివి వచ్చువఱకు నది యాగదు.

ఇన్నిటిలో బాగ్ థింసాను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. బాగ్ అనగా పులి. పులి మీదబడినపుడు తప్పించుకొను నుపాయము నేర్పుట దీని ప్రయోజనమని పెద్దలందురు. సగముమంది చేతులు చేతులు పట్టుకొని వలయము కట్టి, మునివ్రేళ్ళపై నిలిచి తలలు వంచుచు నెత్తుచుండగా, తక్కినవారు మిక్కిలి వేగముగా ఆ వలయములోనికి దూరి పాముచుట్టవలె చుట్టుకొందురు, మరల విప్పుకొందురు, మరల చుట్టుకొందురు. నిజమైన పులి యెదుట ఈ చుట్ట యెంతమాత్రము పనికివచ్చునో నేను చెప్పజాలను, పులిని చూచి చుట్ట చుట్టుకొనునంత నిబ్బరము నాకు లేదు. కాని ఈ యాటలోని విద్య వేఱు. ఎప్పుడు చొఱబడవలెనో, ఎప్పుడు విప్పుకొనవలెనో వాద్యము చెప్పుచుండును. ఆ మాట వినిపించుకొననివాడు చుట్టకు వెలుపల మిగిలిపోవును. సంగీతజ్ఞులు విలంబితము, ద్రుతము, విరామము, పునరావృత్తి అని పేరుపెట్టి బోధించెడి సంగతులను, ఇక్కడి పసివాడు పులి, ఆకు, దేవత, భుజము అను మాటలతో నేర్చుకొనును. పేరు తెలియకపోవుట అజ్ఞాన మని మైదానమువా డనుకొనును. కాని పశ్చిమ దేశములలోనే కార్ల్ ఓర్ఫ్ అను జర్మను సంగీతకర్త, పిల్లల సంగీతవిద్యకు అడుగును పలుకును వాద్యఘాతమును మొదటి మెట్టుగా పెట్టెను. హంగరీదేశస్థుడగు కోడాయ్ జానపదగీతములతోనే శిశువుల చెవి తెఱవవలెనని జీవితాంతము వాదించెను. వారిరువురును ఇరువదవ శతాబ్దమున కష్టపడి కనుగొన్నది ఇక్కడ చైత్రమాసపు వాడుక.

కంటివిద్యకు ఉదాహరణము కావలెనన్నచో అరకునుండి యీశాన్యముగ, ఈ కనుమల వెంబడియే శ్రీకాకుళము, పార్వతీపురము మన్యములకును, అందుకు పైనున్న ఒడిశా కొండలకును పోవలెను. అక్కడివారు సవరలు. వారి యిండ్లలోపలి గోడలపై ఇడితల్ అనబడు చిత్రములు వ్రాయబడును. ఈ పదములో వ్రాయుట, గోడ అను రెండర్థములు కలిసియున్నవి. వారికది గోడమీది వ్రాత. గోడను ఎఱ్ఱమట్టితో నలికి, నానబెట్టి నూఱిన బియ్యపుపిండితో, కొన నలుగగొట్టిన వెదురుపుల్లను కుంచెగా చేసికొని ఈ వ్రాత వ్రాయుదురు. రోగనివారణమునకు, పంట వృద్ధికి, చనిపోయిన పెద్దలను గౌరవించుటకు ఇడితల్ పుట్టును. ఏమి వ్రాయవలెనో కుడాన్ అను పురోహితుడు నిర్ణయింపగా చిత్రకారుడు గీయును. ముందుగా వెలుపలి చట్రము నిలుపబడును, అది యాగంతుక దేవతకు ఇల్లు. తరువాత లోపలికి మనుష్యులు, చెట్లు, ఏనుగులు, గుఱ్ఱములు, సూర్యచంద్రులు ప్రవేశింతురు. మనుష్యులు రెండు త్రికోణములు మొనలు కలిపి నిలిపినట్లుందురు. వారిలో నెవ్వరును ఊరక నిలిచియుండరు. ఒకడు నడచును, ఒకడు మోయును, పలువురు గొలుసుగట్టి యాడుచుందురు.

చిత్రము ముగిసిన పిమ్మట కుడాన్ దాని యెదుట కూర్చుండి, పాటతో ఆ దేవతను గాని పితృదేవతను గాని పిలిచి, నీకొఱకు కట్టిన ఇల్లు చూడుమని యాహ్వానించును. ఇక్కడ కళావిమర్శకుడు చనిపోయిన తాత! ఆయనకు నచ్చకున్నచో చిత్రమును సవరింపవలసినదే. ఆ చీకటి గదిలో, దీపపు వెలుగున, బొమ్మ నొక్కొక్కటే పేరుపెట్టి పాడుచుండగా ఒక మూల కూర్చుండి వినుచున్న పసివానికి, చిత్రమనగా అలంకారమని కాక, ఎవరో వచ్చి చూడవలసినదియు, చూచి సంతోషించుటయో కోపించుటయో చేయునదియు నని తోచును. పట్టణములలోని చిత్రశాలలకు పిల్లలను తీసికొనిపోయి, తాకకుము, మాటలాడకుము అని హెచ్చరించుచు మనము కలిగింపజూచెడి భావము ఇంతకంటె నెంత పలుచనిదో పాఠకులే యూహింతురు గాక.

ఈ సంగతులను బయటివారు వ్రాసిపెట్టిన తీరును విచిత్రమైనది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారిగార్ల పేరిట ఏడు సంపుటములుగా వెలువడిన దక్షిణ హిందూదేశపు కులములు, తెగల గ్రంథమున గదబస్త్రీలు చెట్టునారతో నేసెడి చారల వస్త్రమగు కెరంగును గూర్చి చక్కని వర్ణనలున్నవి. దేహముల కొలతలును పుష్కలముగా నున్నవి. కాని ఆ నేత చిన్నదాని కెట్లు వచ్చెను, ఆ చారల వరుసను కూతురు తల్లి ప్రక్కన కూర్చుండి యేవిధముగా లెక్కపెట్టుకొనెను అను ప్రశ్న వారికి తోచినట్లు లేదు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత గిరిజన కళను గూర్చియు, 1955లో సవరల మతమును గూర్చియు పెద్ద గ్రంథములు ప్రకటించి, ఇడితల్ చిత్రములను లోకమునకు మొదటిసారిగా శ్రద్ధతో చూపినాడు. ఆయన చూచిన గోడలపై విమానములును సైకిళ్ళును గూడ నుండెను. సవరల గోడ పురాతనమని భావించి దాని నొక అద్దపుపెట్టెలో పెట్టవలెనని యాశపడువారు ఈ విమానములను మఱవరాదు.

ఎల్విన్ కంటె ముందే, మనవాడొకడు ఆ కొండలవైపు తల త్రిప్పియుండెను. 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి, సవరభాష తెలిసిన యొకనిని తమ యింట నుంచుకొని వానివలన ఆ భాష నేర్చుకొనిరి. సవరల పిల్లలకు వారి భాషలో చదువు చెప్పు బళ్ళు పెట్టించిరి, వారి కథలను పాటలను సేకరించిరి, వాచకములు కూర్చిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వమువారిచే అచ్చుపడినది. బిడ్డ నోట నున్న పాటనే మొదటి పాఠముగా చేయవలెనను తలంపు తెలుగుదేశమున నింతకు ముందు ఇంత నిష్ఠతో నెవ్వరు నాచరించిరో నేనెఱుగను. గ్రాంథికభాషపై జీవితమంతయు యుద్ధము చేసిన ఆ మహాశయుని, గ్రాంథికముననే కొనియాడుచున్న నా సాహసమునకు ఆయన నవ్వుకొనునే గాని కోపింపడని నా విశ్వాసము.

అదే కాలమున కొండల పాదమున వేఱొక సంగీతవిద్య వికసించుచుండెను. 1919లో విజయనగరము మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. అంధుడైన యొక బాలునికి సంగీతము నేర్పవలెనను సంకల్పము దాని పుట్టుకకు కారణమని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు వయొలిన్ గురువులై, 1936లో అధ్యక్షపీఠము నధిష్ఠించిరి. గాయకుడు ఘంటసాల అక్కడ చదివినవాడే. విజయనగరము నుండి అరకు కొండలు కన్నులకు కనబడునంత చేరువ గాకున్నను, ఒక పగలు చాలునంత దూరము. అయినను ఆ కళాశాల తంబురకును ఈ కొండ తుడుమునకును పరిచయము కలిగినట్లు నాకెక్కడను జాడ తగులలేదు. ఈ లోటునకు ఇరుపక్షములలో నెవ్వరిని నిందింపవలె నన్నచో, మైదానమువారినే నిందింపవలెను. కొండవారు సంతకు వారమువారము దిగుచునే యుండిరి.

1938 జూన్ 16న మద్రాసున రేడియో కేంద్రము మొదలైన తరువాత, పిల్లల కళావిద్యకు ఒక క్రొత్త వాహనము దొరికినది. బరంపురమున 1905లో పుట్టిన న్యాయపతి రాఘవరావుగారును, ఆయన ధర్మపత్ని కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లతో తెలుగింటి పిల్లల కెల్ల బంధువులైరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి, పిల్లలచేతనే పాడించి, పిల్లలచేతనే ఆడించి ఆ దంపతులు చేసిన పని యింత యని చెప్పరానిది. రేడియో యనగా వినుటయే యని తక్కినవారు భావించుచుండగా, వీరు మైక్రోఫోను ముందు పిల్లలను నిలిపిరి. అయినను ఆ మైక్రోఫోను ముందు నిలువగలిగినవారు పట్టణపు పిల్లలే. విశాఖపట్టణమున కేంద్రము 1963లో గాని రాలేదు, కొండగ్రామములలో రేడియోపెట్టె యనునది చాలకాలము పంచాయతీ వైభవముగానే యుండెను. పాడువాడు కనబడని పాటను విను విద్య ఇక్కడివారికి క్రొత్త. థింసాలో పాట వినబడినదనగా పాడువాని భుజము తన భుజమునకు తగులుచున్నదని యర్థము.

తరువాతి కాలమున ఆశ్రమ పాఠశాలలు వచ్చినవి, పిల్లలు ఊరు విడిచి వసతిగృహములలో నుండవలసివచ్చినది. చైత్రమున సెలవు దొరకిననే గొలుసు చివర వారికి చోటు. ఈ చదువువలన కలిగిన మేలును కాదనువాడు కొండలలో నొక్కడును లేడు, నేనును గాను. అయితే పాఠ్యపుస్తకములోని బొమ్మలో వరిమడి, ఎడ్లబండి, సముద్రతీరము కనబడుచుండగా, పోడు చేను మాత్రము కనబడకుండుటచేత, చిత్రమనునది తమకు సంబంధింపనిదని పసివారు నమ్మవలసివచ్చినది. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో, అనగా గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలలో, ప్రాథమికవిద్య కారంభము చేసి, ఊరిపాటను, ఊరిబొమ్మను, ఊరికథను వాచకములలోనికి తెచ్చినది. గిడుగువారు పర్లాకిమిడిలో తలపెట్టినదానికిని దీనికిని నడుమ ఎన్నో దశాబ్దములు గడచినవి.

నేడు అరకులో పర్యాటకుల విడుదులయందు సాయంకాలము నియమిత వేళకు థింసా జరుగును. చీర లన్నియు నొకే రంగువి, దీపములు ప్రకాశవంతములు, కుర్చీలు వరుసగా నుండును. మొదటి సారిగా థింసాకు ప్రేక్షకు లేర్పడిరి. నర్తకులకు నాలుగు రూపాయలు లభించుచున్నవి, దానిని తక్కువచేసి మాటలాడుటకు కుర్చీలో కూర్చున్న నాకేమి యధికారము! ఆట నడుమ వారు వచ్చి పర్యాటకులను చేయిపట్టి వలయములోనికి లాగుదురు. పెద్దవారు సిగ్గుపడి ఫోటోలకై నవ్వుచు రెండడుగులు వేసి తప్పుకొందురు. పిల్లలు మాత్రము తప్పుకొనరు. నగరమున తెఱ కెదుట మోకాళ్ళు చఱచి రాకెట్టును లేపిన ఆ చేతులే కావచ్చును, ఇక్కడ ఎవరి వీపువెనుకనో ముడివడి, ఎప్పుడు వంగవలెనో తెలియక లాగబడుచు, రెండవ చుట్టునకు సరిగా వంగును.

సవర చిత్రకారుడు నేడు కాగితముపైనను గుడ్డపైనను గీయుచున్నాడు, అంగడిలో అవి అమ్ముడుపోవుచున్నవి. పద్ధతి మాత్రము మాఱలేదు. ముందుగా చట్రము, ఆ పిమ్మట లోపలివారు. విమానమునకును సైకిలునకును ఆ యింట చోటిచ్చి డెబ్బదియేండ్లు దాటినది. వచ్చిన తాత అడిగినచో, ఏ మనుమడో ఆ యెఱ్ఱని రాకెట్టును ఏనుగు ప్రక్కన బియ్యపుపిండితో తెల్లగా దిద్దిపెట్టును.